ఏమంటారో పెద్దమ్మ

మొన్న గవర్నర్‌పేటలో ఒక బట్టల కొట్లో దూరి, ఉన్న పంచెలన్నీ తిరగేయించి, ఏదీ నచ్చక లేచాను. లేచినవాణ్ణి ఊరికే బయటికి రావచ్చుగా! గుమ్మం దగ్గర ఆగి, చంకలో సంచీ తీసి, బోర్లించి దులిపి, "ఏమీ తీసుకెళ్ళడం లేదండీ, ఖాళీ సంచే" అన్నాను. గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గల్లాపెట్టె దగ్గరున్న సాయిబుగారు మర్యాదస్తుడు. "అయ్యో, మిమ్మల్ని ఎవరేమన్నారండీ?" అన్నారు నొచ్చుకుంటూ.

ఎవరూ ఏమీ అనలేదు. అదే నా బాధ. ఎవరైనా ఏదైనా అంటే అప్పుడు జవాబు చెప్పుకోవచ్చు, అననివాళ్ళకి ఎలా చెప్పడం? అందుకని ముందే చెప్పేస్తుంటాను. ఈ జబ్బు నాకు ఎవరి దగ్గర అంటుకుందో రోడ్డు మీదికొచ్చాక గుర్తొచ్చింది. బెంజ్ సర్కిల్ దాకా సిటీబస్సులో నాలో నేనే నవ్వుకుంటూ కూర్చున్నాను. పక్కాయన కొంచెం అవతలికి జరిగాడు. ఏమనుకున్నాడో పాపం, దిగేముందు ఆయనకి కూడా సంజాయిషీ చెప్పే దిగాను.

ఆ జబ్బు అంటించినావిడ మాకు చుట్టం కాదు. బందరు కాలవ పక్కన మా ఊళ్ళో, చర్చి వెనక తాటాకు గదిలో ఉండేది. భర్త ఊళ్ళో వాక్యం చెప్పే ఉపదేశి, మా చర్చికి పునాది వేయించిన మనిషి. నాకు ఊహ తెలిసేసరికే ఆయన లేరు. ఆవిడ చర్చి ఊడ్చి, లాంతరు గ్లాసు తుడిచి, ఆడవాళ్ళకి వాక్యాలు కంఠతా పట్టించేది. మా అమ్మ వరి ఊడ్పులకి పోతూ నన్ను ఆవిడ దగ్గర వదిలి వెళ్ళేది గనక నేను పెద్దమ్మా అనేవాణ్ణి. ఊళ్ళోవాళ్ళు మాత్రం చాటున "ఏమంటారో పెద్దమ్మ" అనేవాళ్ళు. ఎందుకంటే ఆవిడ నోట పొద్దున్నే వచ్చే మొదటి మాట, పడుకునేముందు చివరి మాట అదే. "నలుగురూ ఏమంటారో!"

పక్కింటి మునగచెట్టు కాయ ఒకటి ఆవిడ గడపలో రాలిందనుకోండి. మనమైతే పులుసులో వేసుకుంటాం. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, వీధిలోకి వచ్చి, "ఇదిగో, రాలిందమ్మా! నేను కొయ్యలేదు, దులపలేదు, రాలింది! చూడండి, తొడిమ దానంతటదే ఊడింది!" అని కేకేసేది. ఆ ఇంటావిడ బయటికొచ్చి "వండుకోండి పెద్దమ్మా, దానికింత గోలెందుకు" అనేదాకా కాయ కింద పెట్టేది కాదు. వండుకున్నాక మళ్ళీ ఒక గిన్నెడు పులుసు వాళ్ళింటికే పోయేది.

అన్నం తినేటప్పుడు ఆవిడ తలుపు సగం వేసి ఉండేది. అదేం పద్ధతని ఒకసారి అడిగాను.

"తలుపేసుకుని తింటే ఏం తింటోందో అంటారు. బార్లా తీసి తింటే చూపించుకుని తింటోందంటారు. నీకు తెలీదురా నాయనా. కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ లోకం మూతికి పెట్టలేం" అంది.

ఇంత భయస్తురాలికి ఒకటే ఆసరా, కీర్తనల్లో అన్నిటికంటే పొడుగైన కీర్తన. దేవుడి ఆజ్ఞలు, శాసనాలు, విధులు ఎంత మంచివో మొదటినుంచి చివరిదాకా చెప్పిందే చెప్పే కీర్తన. అది మొత్తం ఆవిడకి నోటికి వచ్చు. చర్చి ఈ గోడ దగ్గర చీపురు పట్టుకుని మొదలుపెడితే ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి సగమయ్యేది. గడగడా చెప్పుకుపోయే మనిషి ఒకచోట మాత్రం ఆగేది. నేను భయపడే నింద నా మీదినుంచి తీసెయ్యి, నీ విధులు మంచివి అని దేవుణ్ణి బతిమాలే చోటు. అక్కడ చీపురు కింద పెట్టి, కొంగు సరిచేసుకుని, కలెక్టరుకి అర్జీ ఇస్తున్నట్టు నిలబడి, ఆ ముక్క నెమ్మదిగా చెప్పి, మళ్ళీ చీపురు తీసేది.

"చూశావా, ఈ కీర్తన రాసిన అంతటి రాజే జనం మాటకి భయపడ్డాడు. నేనెంత?" అనేది. ఆ మాటలో ఆవిడకి బోలెడంత ధైర్యం ఉండేది.

నేను ఆవిడ చేతుల్లో పెరిగాను గనక ఆ భయం మొత్తం నాకు వచ్చింది, కీర్తన మాత్రం సగమే వచ్చింది. పెద్దయ్యాక మా ఊరి మిషను బళ్ళో పంతులునయ్యాను. ఆపైన సంఘం కమిటీకి సెక్రటరీనయ్యాను. ఎలా అయ్యానంటే, వద్దంటే ఏమనుకుంటారోనని అయ్యాను. యుద్ధం రోజుల్లో బట్ట దొరక్క జనం అల్లాడుతుంటే నేనొక కొత్త చొక్కా కుట్టించుకున్నాను. ఇక చూడండి నా అవస్థ, అది వేసుకుని వీధిలోకి వెళ్ళినప్పుడల్లా "పాత దుప్పటి చించి కుట్టించిందండీ" అని ఎదురైన ప్రతివాడికీ చెప్పాను. దాంతో నేను దుప్పట్లు తొడుక్కునే స్థితికి వచ్చానని ఊరంతా జాలిపడింది.

చర్చికి పడమటి పక్కన ఒక పొడుగాటి ఖాళీ జాగా ఉండేది. దానికి అవతల సాలెల వీధి. మగ్గం ఎక్కించబోయే పడుగుని ముందు ఆరుబయట పొడుగ్గా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. దానికి వంకర లేని పొడుగాటి చోటు కావాలి. అందుకని రోజూ పొద్దున్నే ఈ కొసన పాతిన గుంజకీ ఆ కొసన పాతిన గుంజకీ మధ్య నూలు చాచి, ఇంటిల్లిపాదీ అటొకరు ఇటొకరు నడుస్తూ దువ్వుకునేవాళ్ళు.

మా కమిటీ ప్రెసిడెంటుకి ఆ జాగా మీద కన్నుపడింది. ఆయన కాలవ లాకుల దగ్గర ఉద్యోగం చేసి దిగిన మనిషి, మేమంతా లాకు పెద్దగారనేవాళ్ళం. జన్మంతా నీళ్ళకి తలుపులు వేసీ వేసీ, ఖాళీగా ఏది కనిపించినా దానికి అడ్డం కట్టాలనిపించేది ఆయనకి. ప్రసంగం మధ్యలో మేకలొస్తున్నాయి, కాంపౌండు గోడ కట్టాలన్నారు. గోడ కడితే పడుగుల చోటు పోతుంది. అసలే నూలు కంట్రోలులో ఉండి సగం మగ్గాలు ఆగిపోయిన రోజులు. సాలెలు ఒప్పుకోలేదు. మాట మీద మాట పెరిగి, చివరికి వాళ్ళు బెజవాడలో మునసబు కోర్టుకెక్కారు.

ఆ జాగా ఎవరిదో చెప్పడానికి కాయితం ముక్క లేదు. పునాది తవ్విన రోజు అక్కడున్నవాళ్ళలో మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. మా తరఫు సాక్షిగా ఆవిడ పేరు ఇచ్చాం. ఆవిడ ఆ కబురు విని గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది.

"కోర్టా! ఆడదాన్ని, కోర్టు మెట్లెక్కితే ఏమంటారురా?"

"సాక్ష్యానికి పోయిందంటారు, అంతే కదా పెద్దమ్మా."

"నీకేం తెలుసు! బోనులో నిలబెట్టారంటారు. బోనులో నిలబెట్టారని ఒకడంటే, ఎందుకు నిలబెట్టారని ఇంకొకడంటాడు. కాలవ దాటేసరికి నేను కోళ్ళు దొంగిలించినదాన్నైపోతాను."

మా ప్లీడరుగారు తెలివైనవాడు. అబద్ధం చెప్పించాల్సిన పనే లేదన్నాడు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పి దిగిపోతే చాలట. లాకు పెద్దగారు నన్ను పక్కకి పిలిచి, "ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడిందంటే బల్ల నుంచి ఆపేస్తాం, చెప్పు ఆవిడకి" అన్నారు. బల్ల అంటే నెలకోసారి మేము రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల. తప్పుచేసినవాళ్ళని దానికి రానివ్వకుండా వెనక చాప మీద కూర్చోబెట్టడం మా సంఘంలో పెద్దశిక్ష. ఆ చాప మీద కూర్చున్నవాళ్ళని ఊరు ఏళ్ళ తరబడి చెప్పుకుంటుంది. ఆ కబురు ఆవిడకి మొయ్యడం సెక్రటరీగారి వంతు. నేను కాళ్ళు నేల మీద గీస్తూ, దగ్గుతూ చెప్పాను. ఆవిడ నా మొహంలోకి కాదు, వీధిలోకి చూసింది.

"చాప మీదా?" అంది.

పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల బొగ్గు పొయ్యి కట్టుకుని తిరిగే రోజులు. లాకు పెద్దగారు ముందు సీట్లో, పెద్దమ్మ ఆడవాళ్ళ సీట్లో, నేను వెనక పొగలో. ఆవిడ దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉంది. కంకిపాడు దాటాక బస్సు ఆగిపోయి, పొయ్యి రాజేస్తుంటే, దిగి నా దగ్గరికొచ్చి, "ఒరేయ్, ఆ ముక్క ఎన్నిసార్లు చెప్పినా గుండె దడ ఆగట్లేదురా" అంది. ఏదైనా ధైర్యం చెప్పాలనుకున్నాను. నాకు వచ్చినదే సగం కీర్తన, ఆ సగంలో ధైర్యం ఏ మూలనుందో తట్టలేదు. మంచినీళ్ళు తాగుతావా పెద్దమ్మా అన్నాను.

కోర్టులో ప్రమాణం చేయించారు. మా ప్లీడరు అడిగాడు.

"ఆ జాగాలో మీవారు మొక్కలు నాటారా?"

"నాటారండి. రెండు గన్నేరు మొక్కలు."

"ఆ జాగా రోజూ ఊడ్చేది ఎవరు?"

"నేనేనండి."

"మీ చర్చివాళ్ళు తప్ప ఇంకెవరైనా ఊడుస్తారా?"

"లేదండి."

చాలన్నాడు ప్లీడరు. సాలెల తరఫు ప్లీడరు, ఈవిడ చర్చి మనిషి, కదిలిస్తే ఇంకేం మీదికి తెస్తుందోనని, "నాకేం ప్రశ్నలు లేవు" అన్నాడు. ఇక దిగొచ్చమ్మా అన్నారు మునసబుగారు. లాకు పెద్దగారు అప్పటికే కండువా దులిపి భుజాన వేసుకున్నారు.

ఆవిడ దిగలేదు. బోను కమ్మీ రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది.

"అయ్యా, ఇంకా ఉందండి" అంది.

"మిమ్మల్ని అడగలేదు కదమ్మా."

"అడగకపోతే మరి రేపు నన్నే అంటారండి, తెలిసుండి చెప్పలేదని!"

కోర్టంతా నవ్వింది. మునసబుగారు కూడా నవ్వు ఆపుకుని, సరే చెప్పమన్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. లాకు పెద్దగారి మొహం చూసే ధైర్యం నాకెక్కడిది!

"నేను ఊడిస్తే అది మాదైపోదండి. గంజి చుక్కలకి చీమలు పట్టి గుళ్ళోకి వస్తాయని ఊడ్చేదాన్ని. పునాది తవ్వేరోజు వీళ్ళ పడుగు చాచి ఉంది. మా ఆయన వాళ్ళ పెద్దలకి దణ్ణం పెట్టి, కొంచెం తియ్యండి బాబూ అని అడిగారు. వాళ్ళు తడి నూలు చేతుల మీద ఎత్తుకుని పక్కకి తప్పుకున్నారు. ఈ మూలదాకా కట్టుకోండి, మా పడుగుల చోటుకి మాత్రం అడ్డం రాకండి అన్నారు. రామని మా ఆయన మాటిచ్చారు. ఆయన పక్కనే నిలబడి విన్నానండి. పొరుగువాడి సరిహద్దు రాయి జరపకూడదని దేవుడి విధి. మరి నేను ఊరుకుంటే ఎలాగండీ?"

సాలెల పెద్ద మొహం చేటంతయింది. ఆవిడ అతనివైపు తిరిగింది.

"నువ్వు నవ్వకు తమ్ముడూ. ఆ విధి మాకే కాదు, నీకూ ఉంది. మీ నాన్న పాతిన తూర్పు గుంజ ఇప్పుడున్నచోట లేదు. ఏటా జానెడు జానెడు మా గుమ్మంవైపు జరుపుకొచ్చావు. రోజూ ఊడ్చేదాన్ని, నాకు తెలీదా?"

ఇంతా చెప్పి దిగింది. దిగేటప్పుడు మెట్టు తప్పి, బంట్రోతు పట్టుకున్నాడు. గోడ కట్టకూడదని, గుంజ వెనక్కి జరపాలని తీర్పయింది. ఒక్క సాక్ష్యంతో రెండు వీధులకీ శత్రువైన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ రోజు తిరుగు బస్సులో అటు మేము, ఇటు సాలెలు, మధ్యలో ఆవిడ. ఒక్కరూ ఆవిడతో మాట్లాడలేదు. నేను మాట్లాడదామనుకుని, లాకు పెద్దగారు చూస్తారని, కిటికీలోంచి కాలవని చూశాను. రోజూ చూసే కాలవే.

సంఘం కూడింది. లాకు పెద్దగారు మరీ చెడ్డమనిషేం కాదు, ఒక దారి చూపించారు. "సంఘం ముందు నిలబడి పొరపాటైపోయిందని ఒక్క మాట అనమ్మా. అయిపోతుంది. బల్ల నీది నీకే" అన్నారు. మా అందరి గుండెలూ తేలికపడ్డాయి. తుమ్మితే కూడా క్షమించమని అడిగే మనిషికి అదెంత పని!

ఆవిడ లేచింది. మగవాళ్ళవైపు చూసింది, ఆడవాళ్ళవైపు చూసింది.

"మీరంతా అంటే నాకు భయమండీ. పొరపాటు అందామనే వచ్చాను, నోటిదాకా వచ్చింది. కానీ నాది పొరపాటంటే దేవుడి విధి పొరపాటైపోతుంది కదండీ. అది మాత్రం అనలేను. నన్నేం అనకండి" అని, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి వెనక చాప మీద కూర్చుంది.

ఆ చాప మీద అప్పటికే కల్లు మానని మేస్త్రీ ఒకడు, పెళ్ళాన్ని కొట్టి ఆపుచేయబడ్డవాడొకడు ఉన్నారు. ఆవిడ వచ్చి కూర్చోగానే వాళ్ళిద్దరూ సిగ్గుతో గోడకి అంటుకుపోయారు. "మేం లేచిపోతామండి పెద్దమ్మగారూ" అన్నాడు మేస్త్రీ. "కూర్చోండి నాయనా, లేస్తే మళ్ళీ ఏమంటారో" అంది. నెలనెలా రొట్టె పళ్ళెం ముందు వరసల్లో తిరిగి, చాప దాకా రాకుండానే వెనక్కి వెళ్ళిపోయేది. పళ్ళెం తిరిగినంతసేపూ ఆవిడ ఏడ్చేది. నేను కమిటీ బెంచీ మీద కూర్చుని రొట్టె నములుతూ ఆ ఏడుపు వినేవాణ్ణి. గొంతు దిగేది కాదు. దిగకపోతే ఎవరేమనుకుంటారోనని మింగేవాణ్ణి.

స్వాతంత్ర్యం వచ్చాక ఒక వర్షాకాలంలో ఆవిడ మంచం పట్టింది. ఇక లేవదని డాక్టరు చెప్పాడు. అప్పటి మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, మెతకమనిషి. పెద్దగారితో గొడవ ఎందుకని ఆలోచించి, ఒకరోజు మధ్యాహ్నం నన్ను పిలిచారు. ఊరంతా భోంచేసి పడుకున్నాక, రొట్టే రసమూ నా బడి సంచిలో పలకల మధ్య పెట్టుకుని ఇద్దరం బయల్దేరాం. నాకెంత ధైర్యమో చూడండి, దేవుడి పని మీద పోతూ కల్లు సీసా దాచినవాడిలా నడిచాను.

పెద్దమ్మ కళ్ళు తెరిచింది. గిన్నె చూసి, దాని వైపు చెయ్యి చాచింది. చాచిన చెయ్యి మధ్యలో ఆగింది.

"సంఘానికి తెలుసా అయ్యగారూ?"

"తెలియక్కర్లేదమ్మా. నువ్వు తీసుకో."

"చాటుగానా? వద్దండీ. తెలిస్తే మిమ్మల్నంటారు."

"ఇంకో నెల ఆగే ఓపిక నీకు లేదమ్మా" అన్నారు అయ్యగారు.

"తెలుసండి. బల్ల లేకుండా పోతానేమోనని ఎంత భయంగా ఉందో దేవుడికే ఎరుక. అయినా ఇలా వద్దండి" అని చెయ్యి దుప్పటిలోకి తీసుకుంది.

ఆ ఆదివారం అయ్యగారు ప్రసంగం చేయలేదు. "నేనిప్పుడు ఆవిడ ఇంటికి బల్ల తీసుకెళ్తున్నాను. రాదల్చుకున్నవాళ్ళు రండి. ఫిర్యాదు చేసుకోదల్చుకున్నవాళ్ళు మిషనుకి రాసుకోండి" అని పళ్ళెం నా చేతిలో పెట్టి దిగిపోయారు. నా చేతిలోనే ఎందుకు పెట్టాలి? అంతమందిలో నేనే దొరికానా? పట్టపగలు ఆ పళ్ళెం పట్టుకుని అయ్యగారి వెంట చర్చి చుట్టూ తిరిగి వెళ్తుంటే, పడుగు దువ్వుతున్న సాలెలు కుంచెలు ఆపి చూశారు. వెనక ఎవరైనా వస్తున్నారో లేదో తిరిగి చూడలేదు. గుమ్మంలోకి వచ్చాక చూస్తే, చాప మీది మేస్త్రీ, కొందరు ఆడవాళ్ళు, అందరికంటే వెనకాల కర్ర పోటేసుకుంటూ లాకు పెద్దగారు.

ఆయన లోపలికి రాలేదు. గడప మీద కూలబడ్డారు.

"కోపం పోయిందా పెద్దగారూ?" అంది పెద్దమ్మ మంచం మీదినుంచి.

"పోలేదు" అన్నారాయన నేలకేసి చూస్తూ.

"పోనీలెండి, వచ్చారుగా. తీసుకోనా?"

ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, "తీసుకో" అన్నారు.

తీసుకుంది. అందరూ వెళ్ళిపోయాక నేను మంచం పక్కన కూర్చున్నాను. నాకు మహా సంతోషంగా ఉంది. "చూశావా పెద్దమ్మా, ఇన్నేళ్ళు అడిగినందుకు నింద తీసేశాడు దేవుడు" అన్నాను.

"ఎక్కడ తీశాడురా పిచ్చోడా! చావుకి దొంగేడుపులు ఏడ్చి ఊరిని ఇంటికి రప్పించుకుందని సాయంత్రానికల్లా అంటారు చూడు" అంది.

నిజమే, అంటారు. నాకు వెంటనే ఆ భయం పట్టుకుంది. "మరెట్లా పెద్దమ్మా?" అన్నాను, ఆవిడే నన్ను ఎప్పుడూ అడిగినట్టు.

ఆవిడ నావైపు చూసి నవ్వింది.

"అననీరా" అంది.